నల్లబల్లపై మూడవ గడి

మా యింటి నడవలో గోడకు ఒక నల్లబల్ల వ్రేలాడుచుండును. అది మా తండ్రిగారి నాటిది. ఆయన యౌవనమున గురువు కాగోరి సెమినరీలో చేరి, కొన్ని సంవత్సరములు లాటిను చదివి, పిమ్మట ఆ మార్గమును విడిచి గృహస్థులై, మంగళూరులో ఒక పాఠశాలలో ఇంగ్లీషు బోధించుచు జీవించిరి. సెమినరీని ఆయన విడిచిరి గాని లాటిను ఆయనను విడువలేదు. ప్రతి సాయంకాలమును జపమాల ముగిసిన వెంటనే నన్ను ఆ బల్లయెదుట నిలువబెట్టి, పగలు బడిలో చదివిన ఇంగ్లీషు వాక్యమును లాటినులోనికి మార్చుమని సుద్దముక్క చేతికిచ్చెడివారు.

అప్పటికి నేను గుడిలో పూజవేళ గురువునకు ప్రత్యుత్తరములు చెప్పు బాలుడను. పూజ యింకను లాటినులోనే జరుగుచుండెను. 1962 మొదలు 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ పిమ్మటనే గదా దేశభాషలకు బలిపీఠమువద్ద చోటు దొరికినది! అర్థము తెలియకయే నేను వల్లించిన ఆ మాటలను తండ్రిగారు ఒక్కొక్కటిగా విడదీసి, ఇది యే విభక్తి, ఆ విభక్తి ఏల వచ్చెను అని చూపినప్పుడు, చీకటిగదిలో కిటికీ తెరచినట్లుండెను. ఆ కిటికీయందలి మమకారముచేతనే కాబోలు, అరువదేండ్ల తరువాత నేనొక పొరపాటు చేసితిని. ఆ కథయే యిది.

2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమంతట బడులు మూతపడినవి. ప్రయాణములకు అనుమతి లభింపగానే, బెంగుళూరులో ఉద్యోగములు చేయు నా కుమార్తెయు అల్లుడును తమ పదునొకండేండ్ల బిడ్డను మా యొద్దకు పంపిరి. బడివారు మొబైలు ఫోనులో పాఠములు చెప్పుచుండిరి గాని, మా యూరి వానలకు ఆ పాఠములు సగము వినబడి సగము గాలిలో కలిసిపోవుచుండెను. కొన్ని వారములు చూచి, ఇంటనే చదువు చెప్పుటకు నిశ్చయించితిమి. లెక్కలు నా భార్య వంతు, భాష నా వంతు.

ఆ పిల్ల ఇంగ్లీషు ధారాళముగా మాటలాడును. అయినను వాక్యములో కర్త యేది, కర్మ యేది అని యడిగినచో తెల్లబోవును. మరియొక సంగతి నన్ను అంతకన్న నొప్పించెను. ఆమె కొంకణి మాటలాడదు. అమ్మమ్మ కొంకణిలో పలుకరించును. పిల్ల ఇంగ్లీషులో బదులు చెప్పును. బడిలో మాతృభాష పలికినవారికి జరిమానా వేయుదురట. చిన్ననాడే ఆ భయము నాలుకపై కూర్చున్నది. నా భార్య పెద్దగా ఇంగ్లీషు చదువుకొన్నది కాదు. పిల్ల మాట సగమే బోధపడినను అంతయు బోధపడినట్లు తలయూపి వంటయింటిలోనికి పోవుచుండెను. నేను చూచియు చూడనట్లుంటిని.

భాషకు మాకు దొరికినది ఉదయమున ఒక్క గంట. ఆ గంటలో ఇంగ్లీషు వ్యాకరణమొకమారు, లాటిను వ్యాకరణమొకమారు వేరువేరుగా చెప్పవలయునా, లేక రెండును కలిపి చెప్పవచ్చునా? ఇంటివద్ద పిల్లలకు ఈ రెండును నేర్పదలచిన ప్రతివానికిని ఎదురగు ప్రశ్న యిది. నా మనస్సు కలుపుటకే మ్రొగ్గెను. పూర్వాచారమును నా పక్షముననే యుండెను. ఇంగ్లండులో ‘గ్రామర్ స్కూలు’ అను పేరిలోని గ్రామరు లాటిను వ్యాకరణమే. 1540 ప్రాంతమున ఎనిమిదవ హెన్రీ రాజు విలియం లిలీ పేర వెలసిన లాటిను వ్యాకరణమును బడులన్నిటికి నిర్ణయించెను. ఇంగ్లీషునకు అచ్చయిన మొదటి వ్యాకరణము 1586లో విలియం బుల్లోకరు వ్రాసినది; అదియు లిలీ బాటనే నడచినది. 1570లో వెలువడిన తన గ్రంథమున రోజర్ ఆస్కం ఒక పద్ధతి చెప్పెను: లాటిను పాఠమును విద్యార్థి ఇంగ్లీషులోనికి మార్చవలెను, కొంత సేపైన పిమ్మట మూలము చూడక దానిని మరల లాటినులోనికి మార్చి, రెంటిని సరిపోల్చుకొనవలెను. మా తండ్రిగారి సాయంకాలపు పాఠము ఈ పద్ధతికి మనుమడే యని నాకు తోచెను.

కావున బల్లపై నిలువుగా ఒక గీత గీచితిని. ఎడమ లాటిను, కుడి ఇంగ్లీషు. మొదటి మాసము పండుగవలె గడచెను. ‘పుయెల్లా పుయెరుం విదెత్’ అని వ్రాసితిని. బాలిక బాలుని చూచుచున్నదని యర్థము. మాటలను తారుమారు చేసి ‘పుయెరుం పుయెల్లా విదెత్’ అన్నను అర్థము చెడదు. ఏలయన కర్మ గుర్తు మాట చివరనే యున్నది. ‘ది గర్ల్ సీస్ ది బాయ్’ అను దానిలో రెండు పేర్లను తారుమారు చేయుడు; చూచువారు మారిపోవుదురు. ఇంగ్లీషునకు స్థానమే విభక్తి యని పిల్ల ఒక్క దినములో గ్రహించెను. ‘హీ’ ఎప్పుడు ‘హిం’ అగును, ‘హూ’ ఎప్పుడు ‘హూం’ అగును అనునది అంతవరకు ఆమెకు చెవి చెప్పిన మాట. ఇప్పుడు కారణము తెలిసినది. ప్రాచీనకాలమున ఇంగ్లీషునకును విభక్తులుండెడివనియు, ఇవి వాని శేషములనియు చెప్పగా ఆమె కన్నులు మెరసెను.

అటుపిమ్మట నాకు గర్వము పుట్టెను. లాటినుతో ఇంగ్లీషును పోల్చి చూపుట మాని, లాటినునకు ఇంగ్లీషును లోబరచుటకు పూనుకొంటిని. ‘ఇటీజ్ మీ’ అని ఆమె వ్రాయగా కొట్టివేసి ‘ఇటీజ్ ఐ’ అని దిద్దితిని. వాక్యము చివర ప్రిపోజిషను నిలువరాదంటిని. ‘టు’ అను మాటకును దాని క్రియకును నడుమ వేరొక మాట చొప్పింపరాదంటిని. మా తండ్రిగారు నాకట్లే చెప్పియుండిరి. ఏల కూడదని పిల్ల యడిగెను. లాటినులో అట్లుండదు గనుక అంటిని. ఆమె కొంతసేపాలోచించి,

“తాతయ్యా, లాటినులో అది ఒకటే మాట కదా! ‘అమారె’ అంటే ‘టు లవ్’. ఒక మాట మధ్యలో ఇంకో మాట పెట్టడానికి వీలే లేదు. వీలులేక చెయ్యని పని నియమమెట్లా అవుతుంది?” అనెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. సమాధానము లేనప్పుడు పెద్దలు చేయు పనినే నేనును చేసితిని, కోపించితిని. ఎదురు చెప్పుట నేర్చితివని గద్దించితిని. ఆమె మారు పలుకక సుద్దముక్క క్రింద పెట్టెను.

తరువాతి వారము ఆమె నోటుపుస్తకము చూచి నేను నివ్వెరపోతిని. వాక్యములన్నియు మూడు నాలుగు మాటలకు కుంచించుకొని పోయినవి. తప్పులు లేవు, తప్పు చేయుటకు తగినంత మాటయే లేదు. ఒక్కొక్క వాక్యమునకు ముందు ఆమె నా ముఖము వైపు చూచుచుండెను. బడి ఆమె మాతృభాషకు ఏమి చేసెనో, నేను ఆమె ఇంగ్లీషునకు అదియే చేసితినని అప్పుడు తోచెను. అక్కడ జరిమానా, ఇక్కడ ఎఱ్ఱ కలము.

గణితశాస్త్రజ్ఞుడైన జాన్ వాలిస్ 1653లో ఇంగ్లీషు వ్యాకరణమును లాటిను భాషలో వ్రాసెను. అంతటి లాటిను పండితుడే, తనకు ముందటివారు ఇంగ్లీషును లాటిను అచ్చులో పోయుటవలన లేని విభక్తులు, లేని నియమములు కల్పించిరని ఆక్షేపించెను. ఈ సంగతి నేనెరుగనిది కాదు. ఎరిగియుండియు ఎరుగనట్లు నడచుట పాండిత్యమునకు గల వ్యాధి.

శ్రావణమాసపు వాన కురియుచున్న ఒక ఉదయమున, ఎట్లో మరల పాఠము సాగించుచు ‘ఐ హావె బ్రదర్’, అనగా నాకొక సోదరుడున్నాడను వాక్యమునిచ్చితిని. లాటినులో దీనిని ‘మిహి ఫ్రాతెర్ ఎస్త్’ అనియు చెప్పవచ్చును. ‘నాకు’ అని చతుర్థి, ‘సోదరుడు’ కర్త, ‘ఉన్నాడు’ క్రియ. పిల్లకిది యెంత చెప్పినను ఎక్కలేదు. ‘ఐ’ కర్త కదా, కర్తకు చతుర్థి యెట్లు వచ్చునని ఆమె వాదము. నడవ చివర కూర్చుండి కొబ్బరి కోరుచున్న నా భార్య తల యెత్తకయే, “ఇందులో కష్టమేముంది? మనం అట్లాగే అంటాము కదా! ‘మ్హాకా ఎక్ భావ్ ఆసా’” అనెను.

పిల్ల స్తబ్ధురాలయ్యెను. ‘మ్హాకా’ అనగా నాకు, ‘భావ్’ సోదరుడు, ‘ఆసా’ ఉన్నాడు. మాటకు మాట, విభక్తికి విభక్తి సరిపోయినది. “అయితే లాటిను అమ్మమ్మలాగా మాట్లాడుతుందన్నమాట!” అని ఆమె కేక వేసెను. నా భార్య నవ్వెను. చాల దినములకు ఆ యింట విన్న నవ్వది.

ఆ దినమే పిల్ల తానై లేచి బల్లపై మరియొక గీత గీచి, రెండు గళ్ల నడుమ మూడవది కల్పించెను. ‘పుయెర్ లిబ్రుం లెజిత్’ అని లాటిను. ‘భుర్గెం పుస్తక్ వాచ్తా’ అని కొంకణి. రెంటను క్రియ చివరనే. ఇంగ్లీషులో ‘రీడ్స్’ నడుమకు వచ్చి కూర్చున్నది. ఆకలి మనకు కలుగునది గాని మనము చేయునది కాదని మన దేశభాషలు పెక్కింట చెప్పుదుము. ఇంగ్లీషువాడు తానే ఆకలిగొనును. మూడవ గడికి నేను గురువును కాను. సందేహము వచ్చినప్పుడెల్ల పిల్ల సుద్దముక్కతో వంటయింటికి పరుగెత్తుచుండెను. అమ్మమ్మ పలికిన మాటలకు విభక్తులున్నవని, లింగవచనముల పొందికయున్నదని, అది రోము నగరపు భాషతో ఒక పంక్తిని కూర్చుండదగినదని పిల్ల కనుగొన్నది. అమ్మమ్మయు కనుగొన్నది.

ఆ తరువాత పిల్లకొక సంగతి చెప్పితిని. థామస్ స్టీఫెన్స్ అను ఇంగ్లీషువాడు 1579లో గోవాకు వచ్చి, మన భాష నేర్చి, దానికి వ్యాకరణము వ్రాసెను. ఆయన మరణించిన చాలకాలమునకు, 1640లో, గోవాలోని రాచోలులో అది పోర్చుగీసు భాషలో అచ్చయ్యెను. భారతీయ భాషల వ్యాకరణములలో తొలుత అచ్చయినది అదియే యని పెద్దలందురు. బెన్ జాన్సన్ వ్రాసిన ఇంగ్లీషు వ్యాకరణము కూడ ఆయన మరణానంతరము 1640లోనే లండనున అచ్చయ్యెను. ఇద్దరును లాటిను బడిలో పెరిగినవారే. కొంకణియు ఇంగ్లీషును ఒకే యేట, ఒకే కొలబద్దతో కొలువబడినవని వినగా పిల్లకు ముచ్చట కలిగెను. “అయితే మనది తక్కువది కాదు” అనెను. ఆ మాటకొరకు నేనెన్ని మాసములు ఎదురు చూచితినో ఆమె యెరుగదు.

అయినను బల్లపై ఖాళీలు మిగిలినవి. ‘ఎ’ ఎక్కడ, ‘ది’ ఎక్కడ అనునది మన పిల్లలకు ఇంగ్లీషులో కెల్ల గడ్డు విషయము. లాటినులో ఆ ఉపపదములే లేవు. కొంకణిలోను ‘ది’ వంటిది లేదు. ప్రశ్నకును నిషేధమునకును ఇంగ్లీషు తెచ్చికొను ‘డు’ అను క్రియకు లాటినులో జోడు లేదు. ‘గివ్ అప్’, ‘పుట్ ఆఫ్’ వంటి జంటమాటలు ఇంగ్లీషు సొంత సొత్తు. వీనికి లాటిను గడిని ఖాళీగా విడిచి, వేరే దినములు కేటాయించి, మంచి వచనమును బిగ్గరగా చదివించి చెప్పితిని. కలిపి చెప్పవలయునా, విడిగా చెప్పవలయునా అను నా ప్రశ్నకు అనుభవమిచ్చిన ఉత్తరమిది: భాగములు, విభక్తులు, కర్తకు క్రియకు గల పొత్తు, కర్మణి ప్రయోగము—ఇవి కలిపి చెప్పినచో ఒక శ్రమతో రెండు ఫలములు, తక్కినవానిని ఇంగ్లీషునకే విడువవలెను. ఖాళీ గడిని బలవంతమున నింపరాదు. ఇంటిభాషకు ఒక గడి లేనిదే తక్కిన రెండును గాలిలో నిలుచును.

‘ఇటీజ్ మీ’ అనుదానిని మరల దిద్దలేదు. నేను గద్దించినందుకు తప్పు నాదేయని పిల్లతో చెప్పితిని. ఆమె పెద్దమనిషివలె తలయూపెను.

బడులు తెరువగానే ఆమె బెంగుళూరు వెళ్లినది. అక్కడ లాటిను చెప్పువారు లేరు. నేర్చినది చాలవరకు మరచియుండును. ఆదివారములందు ఫోనులో అమ్మమ్మతో కొంకణిలో మాటలాడును. విభక్తులు అప్పుడప్పుడు తప్పును. నేను ప్రక్కనుండి దిద్దబోయి, నా భార్య ముఖము చూచి మానుకొందును.