రక్తబీజునితో పోరు

పురాణాలలో రక్తబీజుడనే రాక్షసుని కథ ఉంది. అతని రక్తబిందువు నేలను తాకిన ప్రతిచోటా మరొక రక్తబీజుడు పుట్టుకొచ్చేవాడు. చండిక అతనిని కొడుతూ ఉండగా, బిందువులు నేల రాలకముందే కాళిక వాటిని పానం చేసింది. అప్పుడుగాని అతడు హతుడు కాలేదు. మానవ రక్తంలో చేరే హెచ్.ఐ.వి. అంతకంటె మాయావి. రక్తబీజుని సంతతి అచ్చంగా అతనినే పోలి ఉండేది. ఈ వైరస్ సంతతి మాత్రం ఎప్పటికప్పుడు కొత్త రూపాలు దాలుస్తుంది.

1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్తలు ఈ వైరస్‌ను కనుగొన్నారు. దీని జన్యులిపి సుమారు 10,000 అక్షరాల చిన్న గ్రంథం. రోగనిరోధక కణంలో చొరబడిన వైరస్, ఆర్.ఎన్.ఎ. రూపంలోని ఆ గ్రంథాన్ని డి.ఎన్.ఎ.గా తిరగరాస్తుంది. ఆ పనిచేసే ఎంజైమ్ అజాగ్రత్త గల లేఖకుని వంటిది. తప్పులు రాస్తుంది, దిద్దుకోదు. చికిత్స లేని రోగిలో రోజుకు సుమారు 1,000 కోట్ల వైరస్ కణాలు పుడతాయని అంచనా. అందుచేత కొన్నేళ్లలో ఒకే దేహంలో అసంఖ్యాకమైన రూపాలు చోటుచేసుకుంటాయి. ఆ వైవిధ్యమే దాని బలం.

1987లో అమెరికాలో ఎ.జడ్.టి. అనే తొలి ఔషధానికి అనుమతి లభించింది. ఆశ చిగురించింది, కాని నెలలు గడిచేసరికి మందు ప్రభావం తగ్గసాగింది. పొరపాటున పుట్టిన రూపాలలో కొన్నింటికి దానిని తట్టుకొనే శక్తి ఉండడమే కారణం. మందు తక్కినవాటిని అణచి, వీటికి దారి ఇచ్చింది. 1996 నుండి మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వ్యాపించింది. మూడింటినీ ఒకేసారి తప్పించుకోవడం వైరస్‌కు దాదాపు అసాధ్యం. రాత ఆగితే తప్పులూ ఆగుతాయి. కొత్త రూపాలు పుట్టవు. వైరస్ పరీక్షలకు అందనంతగా క్షీణిస్తుంది.

అయినా అది నశించదు. పాత రూపాలు నిద్రాణమైన కణాలలో, పెట్టెలో దాచిన తాళపత్రాలవలె పడి ఉంటాయి. చికిత్స మానితే సాధారణంగా కొద్ది వారాలలోనే వైరస్ మేల్కొంటుంది. మాటిమాటికీ మాత్ర మరచినా ప్రమాదమే. చాలీచాలని మందు నడుమ, మందుకు లొంగని రూపాలే బలపడతాయి.

కాబట్టి ఈ పోరులో క్రమమే ఆయుధం. ఆ క్రమానికి తొలి అడ్డంకి ధర. సంపన్న దేశాలలో ఏడాదికి 10,000 డాలర్లకు పైబడిన ఈ చికిత్సను, 2001లో భారతీయ సంస్థ సిప్లా రోజుకు ఒక డాలరుకంటె తక్కువకే ఇవ్వజూపింది. 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ఉచిత చికిత్సను ఆరంభించింది. తొలి విడత రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

రెండవ అడ్డంకి మందులతో తీరేది కాదు. ఇరుగుపొరుగు చూస్తారని మాత్రల సీసాను బియ్యం డబ్బాలో దాచుకొనే ఇల్లాలు, కారణం చెప్పి సెలవు అడగలేక ఆసుపత్రికి వెళ్లడం మానుకొనే కార్మికుడు ఎందరో ఉంటారు. లోకుల చిన్నచూపు ఆ విధంగా వైరస్‌కే తోడ్పడుతుంది. క్రమంగా మందులు వాడి, వైరస్ పరీక్షకు అందని స్థితిని నిలుపుకొన్నవారినుండి లైంగికంగా అది ఇతరులకు సోకదని శాస్త్రం నిరూపించింది. 2017లో చేసిన చట్టం వీరిపట్ల వివక్షను నిషేధించింది. ఇక మిగిలినది మనుషుల మనసు మారడమే.

రక్తబీజుని గెలవడానికి చండికకు కాళిక తోడు కావలసివచ్చింది. ఈ పోరులో మందుకు మనుషుల ఆదరణ తోడు కావాలి.