నల్లికి 48 డిగ్రీలు

ఎండాకాలం మధ్యాహ్నం నులకమంచాన్ని వాకిట్లోకి లాగి, ఓ పక్క ఎత్తి దబ్బున నేలకేసి కొట్టడం ఒకప్పుడు పల్లెల్లో మామూలే. నల్లి కుట్టిన నేరానికి మంచానికి దెబ్బలు. రాలినవాటిని చెప్పుతో నలిపేశాక అసలు పని మొదలయ్యేది: కోడులోకి పట్టె దిగే బెజ్జంలో, నులక ముడిపడ్డ చోటల్లా సలసల కాగే నీళ్లు పోయడం. కొందరు కిరసనాయిలు పోసేవారు. ఆ కంపుకి నల్లుల సంగతేమో గానీ మనుషులకి నిద్ర పట్టేది కాదు. నిప్పు భయం సరేసరి. తర్వాత టిక్-20 అనే పురుగుమందు సీసాలొచ్చి వేడినీళ్ల వైద్యం మూలపడింది.

నిజానికి ఇన్నిట్లోకీ వేడినీళ్లే మేలు. 48 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే పెద్ద నల్లి 20 నిమిషాల్లో చస్తుంది. గుడ్డు మొండిది, దానికి గంటన్నర కావాలి. 50 దాటితే రెండూ ఎంతోసేపు నిలవవు. ఎండను మాత్రం నమ్మలేం. మేడమీద ఆరేసిన పరుపు పైన చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. నల్లి ఈలోగా నీడగా ఉన్న అడుగువైపుకి జారుకుని, సాయంత్రం పరుపుతోపాటే ఇంట్లోకి వచ్చేస్తుంది.

మందులది వేరే కథ. డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ వచ్చింది. అంతకు ఏడాది ముందే హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాదళ బ్యారక్స్‌లో దానికి లొంగని నల్లులు బయటపడ్డాయి! ఇప్పటి స్ప్రేలలో చాలావాటికీ అదే గతి పట్టింది. పైగా ఇష్టమొచ్చినట్టు కొడితే పక్కగదిలోకి పారిపోతాయి. అమెరికాలో మంచం కోళ్ల కింద నున్నటి గిన్నెలు పెట్టి పట్టే పద్ధతి ఉంది. అక్కడి జాతి అందులో పడి పైకి ఎక్కలేదు. మన వేడి దేశాల నల్లి కాళ్లకు పట్టు ఎక్కువ, చాలాసార్లు ఎక్కేస్తుంది.

హోటల్ గదిలో అడుగు పెట్టగానే పెట్టెను మంచం మీద పడేయకూడదు. బాత్రూంలో ఉంచి, ముందు దుప్పటి మూల ఎత్తాలి. పరుపు అంచు వెంట ఉబ్బెత్తుగా కుట్టిన పట్టీని వేళ్లతో విడదీస్తే సంగతి తెలిసిపోతుంది: పెన్ను ముల్లుతో పొడిచినట్టు నల్లచుక్కలు, పాలిపోయిన పొట్టు, మిల్లీమీటరంత తెల్లటి గుడ్లు. చుక్కను తడిగుడ్డతో రుద్దితే అలుక్కుపోతుంది. అది నల్లి రెట్ట, అంటే ఎవరో పాత అతిథి నెత్తురు. తలవైపు చెక్క వెనక ఫోన్ లైటు వేసి చూడాలి. గుమ్మం మీద నక్షత్రాలెన్ని ఉన్నా సరే.

మురికి కొంపల్లోనే నల్లులుంటాయన్న మాట వట్టిది. మనిషి వదిలే ఊపిరీ, ఒంటి వేడీ వాటిని పిలుస్తాయి. గది ఊడ్చారా లేదా అన్నది వాటికి పట్టదు. ఒలింపిక్స్‌కి ముందు ఏడాది, 2023లో, పారిస్ నగరమే నల్లుల భయంతో గగ్గోలెత్తింది. 2017-2022 మధ్య ఫ్రాన్స్‌లో నూటికి 11 ఇళ్లు వీటి బారిన పడ్డాయని అక్కడి ప్రభుత్వ సంస్థే తేల్చింది. అమెరికా వెళ్లిన మన పిల్లలు కొందరు కొత్తలో రోడ్డు పక్కన వదిలేసిన పరుపును ఊరికే వచ్చింది కదా అని మోసుకొస్తారు. ఎందుకు వదిలేశారో తర్వాత ఒళ్లే చెబుతుంది. న్యూయార్క్ నగరంలో అయితే ఇంటికి గడిచిన ఏడాదిలో నల్లులు పట్టాయా అన్నది యజమాని కొత్తగా దిగేవాళ్లకు రాసివ్వాలి. ఆ కాగితం అడగడానికి మొహమాటం దేనికి?

ఊరినుంచి వచ్చాక బట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే చాలు. ఉతకలేనివాటిని కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచాలి. సెలవులకి ఇల్లు తాళం వేసి వెళ్తే ఆకలికి చస్తాయనుకోవద్దు, నెలల తరబడి తిండి లేకుండా బతకగలవు. మంచం సందుల్లో పోసిన వేడినీళ్లు పది రోజులయ్యాక మళ్లీ పోయాలి. మొదటిసారి తప్పించుకున్న గుడ్లు అప్పటికి పిల్లలవుతాయి.