రంగూను ఎంత దూరం?

మా నానీకి తొంభై ఏళ్ళు దాటినవి. జాలరిపేటలో సముద్రానికి ఎదురుగా ఉన్న మా యింటి అరుగు మీద కూర్చొని, తూర్పు దిక్కుగా చూస్తూ, ఒకనాటి సాయంకాలం మమ్ములను అడిగినది: "బేటా! రంగూను ఎంత దూరం?"

నేటి పటాలలో ఆ నగరం పేరు యాంగోన్. నానీకి మాత్రం అది రంగూనే. ఆమె తండ్రి అక్కడి బియ్యపు మిల్లులో పనికి వెళ్ళిన మనిషి. ఆనాడు అది వింత కాదు. కోస్తా జిల్లాల నుండి వేలాది మంది ఓడలెక్కి పోయేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనంలో సగానికి పైగా భారతీయులే. కోరంగి రేవు పేరున అక్కడివారు మన తెలుగువారిని 'కోరంగీ'లని పిలిచేవారు.

మేము అట్లాసు తీసి కొలిచాము. విశాఖ నుండి రంగూనుకు సుమారు 1,370 కిలోమీటర్లు. ఆశ్చర్యమేమంటే, మన ఊరి నుండి ఢిల్లీకి కూడ ఆకాశమార్గాన ఇంచుమించు అంతే దూరం! నాటికల్ మైళ్ళలో ఇది 740. గంటకు పది మైళ్ళు సాగే స్టీమరుకు మూడు రోజుల పైచిలుకు ప్రయాణం. జెట్ విమానం నేరుగా పోతే రెండు గంటలకు కొంచెం ఎక్కువ. విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. బర్మా గడియారం మనకంటె ఒక గంట ముందు. కనుక గడియారాలను నమ్ముకొంటే పోయేటప్పుడు మూడు గంటల పైన, వచ్చేటప్పుడు గంట పైన మాత్రమే పట్టినట్లు తోస్తుంది.

ఈ లెక్కనంతా ఉత్సాహంతో నానీకి విన్నవించాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. పిమ్మట, "ఢిల్లీ అంత దూరమేనా? మరి మా అబ్బా ఎందుకు రాలేదు?" అన్నది.

దీనికి అట్లాసులో జవాబు లేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరం వారి వశమైనది. ఓడదారి మూతపడగా, లక్షలాది భారతీయులు అరకాను, అస్సాం కొండల మీదుగా కాలినడకన బయలుదేరారు. వేలాది మంది దారిలోనే రాలిపోయారు. ఆ ఏప్రిల్ 6న మన విశాఖ మీద కూడ బాంబులు పడినవి. మూడు రోజుల దూరం నెలల దూరమైనది; కొందరికి ఎన్నటికీ తరగని దూరమైనది. నానీ తండ్రి చివరి ఉత్తరం 1941 నాటిది.

1960 దశకంలో బర్మా నుండి తిరిగివచ్చినవారు స్థిరపడిన బర్మా క్యాంపు నేటికీ మన నగరంలో ఉన్నది. నానీ అక్కడికి పలుమార్లు వెళ్ళి, తండ్రి పేరు చెప్పి విచారించిందట. ఎరిగినవారు దొరకలేదు.

"ఢిల్లీ పాదుషా బహదూర్ షా జఫర్ 1862లో కన్నుమూసింది కూడ రంగూనులోనే, నానీ" అన్నాము, ఓదార్పుగా. "పాదుషా సమాధి ఎక్కడున్నదో తెలుసు కదా, బేటా" అన్నది ఆమె. మేము బదులు చెప్పలేకపోయాము.

జాలరిపేట ఒడ్డున పడవల కోసం ఎదురుచూచే స్త్రీలు, ఎంత దూరం పోయారని అడుగరు; ఎప్పుడు వస్తారని అడుగుతారు. మా విద్యార్థులలో పలువురు రేపు దుబాయికో, రియాదుకో పోవలసినవారే. విమానం ఎన్ని గంటలని విచారించుకోవడం మంచిదే. ఇంటివద్ద ఉన్నవారి లెక్క వేరుగా ఉంటుందని మరువకుందురు గాక.