కాలినడకను తిరుమలకొండ

మేము చిలకలపూడివారము. మాకు ఎత్తనిన పాండురంగస్వామివారి గోపురము, ఎక్కుటయనిన కాలువగట్టు. పురాణములలో శేషాచలమును గూర్చి ఎన్నియో మారులు చదివితిమి గాని, దానిని కాళ్లతో నెరుగుట గడచిన మాఘమాసముననే తటస్థించినది.

మామగారి జబ్బు నిమ్మళించినచో ప్రతి మెట్టునకును పసుపు కుంకుమలిడి కొండ నెక్కుదునని మా అత్తగారు మ్రొక్కుకొనిరి. ఆమెకు అరువదియెనిమిదేండ్లు. బస్సుమీద పొమ్మని ఇంటిల్లిపాదియు చెప్పినను వినలేదు. చిలకలపూడిలో రైలెక్కి, బెజవాడమీదుగా తిరుపతి చేరితిమి.

1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడువరకు జనులు కాలినడకనో, డోలీలలోనో ఎక్కుచుండిన కొండ యిది. శ్రీవారిమెట్టు త్రోవలో 2,388 మెట్లు. దగ్గరత్రోవయే గాని నిలువెక్కుడు. మేము 3,550 మెట్లుగల అలిపిరి త్రోవను పోతిమి. తెల్లవారుజామున పాదాలమండపమున స్వామివారి పాదుకలను తలదాల్చి ప్రదక్షిణము చేసి, మొదటి మెట్టునకు బొట్టు పెట్టితిమి.

గాలిగోపురమువరకు మెట్లు విడుపులేక పైకి పోవును. వంగుట, లేచుట, మరల వంగుట. తలయేరుగుండునకు మోకాళ్లానించి మ్రొక్కి, ఇంక కొంతదూరము పోవుసరికి అత్తగారి కాళ్లు వణకజొచ్చెను. "ఇక చాలునండీ, అత్తయ్యగారూ" అంటిమి. ఆమె కన్నులనీరు నింపుకొని, "మాట యిచ్చినది నేను గదమ్మా" అనిరి. మాకు మనసు కలుక్కుమన్నది. "మాట మీది, నడుము నాది. మీరు మెల్లగా ఎక్కండి, బొట్టు నేను పెట్టెదను" అని గిన్నె పుచ్చుకొంటిమి. మావారు నీళ్లు మోయుచు వెనుక వచ్చిరి.

గాలిగోపురము దాటినపిదప అడవి నీడన త్రోవ చదునైనది. అలసట మరపించుటకై అత్తగారికి తరిగొండ వెంగమాంబ (1730–1817) కథ చెప్పితిమి. బాలవితంతువై, లోకుల మాటలు పడి, ఆ తల్లి ఈ కొండ చేరి తుంబురుకోనలో తపస్సు చేసెను, వేంకటాచలమాహాత్మ్యమును రచించెను. అంతట మోకాళ్లపర్వతము వచ్చెను. రామానుజులవారు పాదము మోపనొల్లక మోకాళ్లతో ఎక్కిరని చెప్పుదురు. బాలుడైన అన్నమయ్య అలసి నిద్రించినదియు, అలమేలుమంగ కలలో కనుపించి చెప్పులు విడువుమన్నదియు ఇచ్చటనే యట. అత్తగారు మూడు మెట్లకొకమారు కూర్చుండిరి, మేమును కూర్చుంటిమి. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజనబాలిక మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లైనను నిండకయే, ఎవరెస్టు శిఖరము నెక్కినదని మావారు జ్ఞాపకము చేయగా, అత్తగారు "ఆ పిల్ల తల్లి ఇంటికడ ఎట్లుండెనో!" అనిరి.

దీపములవేళకు పైకి చేరితిమి. కడపటి మెట్టుకడ "ఇది నాకు విడువమ్మా" అని గిన్నె తీసికొని, మా భుజము పట్టుకొని వంగి, తామే బొట్టు పెట్టిరి. ఆ చేయి వణకలేదు.

సోదరీమణులారా! ఈ త్రోవను పోదలచినవారు చీకటితోనే బయలుదేరుడు; తేలికైన నూలుచీర కట్టుడు; నడుమనడుమ నీరు త్రాగుడు. ఇంటి పెద్దల మ్రొక్కు మూర్ఖతయని తోచినను, వాదింపక కొన్ని మెట్లకైనను గిన్నె మీరు పుచ్చుకొనుడు. మా అత్తాకోడండ్రకు పదునేనేండ్లలో కుదరని చనువు ఆ యొక్కదినమున కుదిరినది.