బెంగని ఇంగ్లీషులో ఏమంటారు?

స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఆఖరి ప్రశ్న: ఈ వృత్తిలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు? 43 ఏళ్ళ వయసులో, పిల్లలు పడుకున్నాక, లాప్‌టాప్ ముందేసుకుని ఆ ప్రశ్నకేసి గంటసేపు చూస్తూ కూర్చున్నాను.

డాలస్ వచ్చి పదమూడేళ్ళయింది. హెచ్-4 వీసా మీద పనిచేసుకునే అనుమతి వచ్చాక కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. అది మానేసి కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చదువుతానంటే, తెనాలి నుంచి అమ్మ ఫోన్లో ఒకటే మాటంది: "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి చదువా?" మావారు మాత్రం లెక్క అడిగారు.

లెక్క వేస్తే గుండె జారింది. కోర్సు 60 క్రెడిట్లు. ఫీజు వాయిదాల్లో కట్టుకోవచ్చు. చిక్కంతా చివర్లోనే: 100 గంటల ప్రాక్టికమ్, దాని మీద 600 గంటల ఇంటర్న్‌షిప్. చాలాచోట్ల చేతికి పైసా రాదు. పట్టా వచ్చాక కూడా టెక్సస్‌లో పూర్తి లైసెన్సు కావాలంటే సీనియర్ల పర్యవేక్షణలో ఇంకో 3,000 గంటలు పనిచేయాలి. స్కాలర్‌షిప్ అంటే ఫీజు తగ్గింపు అనుకునేదాన్ని. ఈ చదువులో అది జీతం లేని నెలల్లో ఇంటద్దె, పెట్రోలు, పిల్లల డేకేర్.

వెతికితే దారులు లేకపోలేదు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న మాస్టర్స్ విద్యార్థులకి యూనివర్సిటీల ద్వారా 10,000 డాలర్ల స్టైపెండ్ ఇచ్చే ఫెడరల్ పథకం కనిపించింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1974లో మొదలుపెట్టిన మైనారిటీ ఫెలోషిప్ ఒకటి. చదువయ్యాక, కౌన్సెలర్ల కరువున్న ఊళ్ళో రెండేళ్ళు పనిచేస్తే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ 50,000 డాలర్ల దాకా చదువప్పు తీరుస్తుందట. ఆశగా చదువుతూ కిందికొస్తే, అన్నిట్లోనూ ఏదో ఒక షరతు: కొన్నిటికి పౌరసత్వమే ఉండాలి, కొన్నిటికి కనీసం గ్రీన్‌కార్డు. ఆ క్యూలో మా వంతు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే ఎరుక.

మా ప్రొఫెసరమ్మ డిపార్ట్‌మెంటులోనే ఉన్న ఇంకో నిధి సంగతి చెప్పింది. పూర్వవిద్యార్థులు పెట్టింది, 2,500 డాలర్లు. వీసా అడగరు, వ్యాసం అడుగుతారు.

ఆ వ్యాసం ప్రశ్న ముందు కూర్చున్న రాత్రి గుర్తొచ్చింది మామయ్యగారే. అత్తయ్య పోయిన ఏడాది ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చాం. అన్నం సయించదు. కడుపులో మంట, ఒళ్ళంతా నీరసం అనేవారు. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరు 9 ప్రశ్నల కాగితం ఇచ్చాడు: గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగాలుగా ఉందా, ఇలా. నేను పక్కన కూర్చుని, "డిప్రెషన్‌గా ఉంటోందా అని అడుగుతున్నారండీ" అన్నాను. "నాకేం పిచ్చా అమ్మా?" అని ముఖం తిప్పుకున్నారు. అన్నిటికీ లేదనే రాయించారు.

ఇంటికొస్తూ కార్లో అడిగాను. "అత్తయ్య మీద బెంగగా ఉందా మామయ్యగారూ?"

ఆయన జవాబు చెప్పలేదు. కండువా కళ్ళకద్దుకున్నారు. ఇల్లు చేరేదాకా ఏడ్చారు. ఆ పూటే, నెలల తర్వాత, పెరుగన్నం అడిగి తిన్నారు.

వ్యాసంలో ఇదే రాశాను. బెంగని ఇంగ్లీషులో ఏమనాలో తెలియక దాన్ని తెలుగు పలుకుతోనే ఉంచి, అర్థం చెప్పడానికి ఒక పేరా ఖర్చుపెట్టాను.

డబ్బు వచ్చింది. ఇంటర్న్‌షిప్‌లో రెండు నెలలు కూడా గట్టెక్కించదు. కానీ అది లేకపోతే అసలు ఇంటర్న్‌షిప్పే మొదలుపెట్టేదాన్ని కాదు. ఇక్కడి తెలుగువాళ్ళం ఉగాదికీ దీపావళికీ హాలు అద్దె కోసం రాసే చెక్కులు చూసినప్పుడల్లా అనుకుంటాను: అందులో కొంత తీసి ఏటా ఒక్క విద్యార్థికి ఆ 600 గంటలు నిశ్చింతగా గడిచేలా చూస్తే, మన భాషలో వినే మనిషి ఒకరు తయారవుతారు కదా!

మొన్న అమ్మ ఫోన్ చేసి గొంతు తగ్గించింది. "పక్కింటి పిన్నిగారికి రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదే. ఒకటే గుబులంట. నీతో మాట్లాడించనా?"

"నేనింకా చదువుకుంటున్నానమ్మా. 14416కి చేయమను. టెలీమానస్ అని, ప్రభుత్వానిదే. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు."

అవతల డ్రాయరు లాగిన చప్పుడు.

"ఉండు, పెన్ను తీస్తున్నా. మళ్ళీ చెప్పు."