దీవికి మకాం మార్చే ముందు

"మా వారికి అండమాన్ బదిలీ అయింది. చంటిపిల్లతో వెళ్లవచ్చునా? అక్కడి నీళ్లు పడతాయా? వెంట ఏ మందులు తీసుకుపోవాలి?" అని అడిగే ఉత్తరాలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. నాలుగు ముక్కల్లో జవాబు రాసి ఊరుకోవచ్చు. కాని ఆ దీవికి ఒకప్పుడు మకాం మార్చినవాణ్ణి నేను. ఎలా వెళ్లకూడదో అలా వెళ్లాను. అందుకని సలహాలకు ముందు నా సంగతి చెబుతాను, వినండి.

1999లో నాకు పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ ఊరికి 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు. ముందుగా ఊరు చూసి రావడం మంచిదని జనవరిలో వెళ్లి వారం రోజులున్నాను. ఆకాశం తేటగా ఉంది. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది. సెల్యులర్ జైలు చూశాను, బజారు తిరిగాను. ఎక్కడ చూసినా తెలుగు మాట వినిపించింది. ఇందులో వింత లేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది తమ మాతృభాష తెలుగని రాయించారు. నేను ఇంటికొచ్చి మా ఆవిడతో, "మన ఊరే అనుకో. చుట్టూ సముద్రం, అంతే తేడా" అన్నాను.

జూలైలో పిల్లవాడితో సహా విశాఖపట్నంలో ఓడ ఎక్కాం. సుమారు 1,200 కిలోమీటర్ల దూరం, రెండు రాత్రులకు పైగా ప్రయాణం. దిగింది అదే ఊళ్లో, కాని నేను జనవరిలో చూసిన ఊరు కాదది. అక్కడ మే నెలలో మొదలయ్యే వానలు ఒక రుతుపవనం తరువాత మరొకటిగా డిసెంబరు దాకా వస్తూనే ఉంటాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం. విశాఖపట్నంలో పడేది ఇందులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఉతికిన బట్ట ఆరదు. తోలు చెప్పులు రెండు రోజుల్లో బూజు పట్టాయి. దాంతో ఇంటి వెనక వక్కతోటలోకి ఒట్టి కాళ్లతోనే వెళ్లి వస్తూ ఉండేవాణ్ణి. తోటలో చీలమండ లోతు నీళ్లు. అందులోనే ఆవుల్ని కట్టేసేవారు. రాత్రయితే ఎలుకల సందడి. నా పాదాలకు ఇసుక ఈగలు కుట్టి, గోకి గోకి పుండ్లయ్యాయి. ఇవన్నీ విడివిడిగా చూశానే గాని కలిపి ఆలోచించలేదు.

పదిహేను రోజులు గడిచాక చలితో జ్వరం వచ్చింది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు. పిక్కలు పట్టుకుంటే చాలు ప్రాణం పోయేది. వానలో తడిసిన జ్వరం, ఓడ ప్రయాణం అలసట అని నాకు నేనే చెప్పుకుని, పారాసెటమాల్ బిళ్లలు మింగుతూ మూడు రోజులు పడుకున్నాను. వైద్యుణ్ణి కదా, మరొకర్ని అడగడమెందుకనే ధీమా!

నాలుగోనాడు ఇంటివారి ముసలమ్మ చూడటానికొచ్చింది. సోంపేట వైపు మనిషి, పెళ్లయిన నాటి నుంచి అక్కడే ఉంటోంది. గుమ్మంలోనే ఆగిపోయి, "ఏటి బాబూ, కళ్లు అలాగ నిప్పుల్లాగున్నాయి? తోటలో ఒట్టి కాళ్లతో తిరిగినావు కదూ? ఇంకా మంచమ్మీద పడుకున్నావేటి? ఈయేళే ఆస్పత్రికి ఎల్లు" అంది. అప్పటికే మూత్రం తగ్గి, పసుపు రంగుకు తిరిగింది. ఆస్పత్రిలో చేరాను. రక్తపరీక్షలు చేశారు. పెన్సిలిన్ ఇంజెక్షన్లు, సెలైను ఇచ్చారు. మూత్రపిండాలు తేరుకునేదాకా తొమ్మిది రోజులు మంచం మీదే. ఆ తొమ్మిది రోజులూ మా ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "ఊరు చూసి వచ్చానన్నారు గదా, ఏం చూశారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ జ్వరం పేరు లెప్టోస్పైరోసిస్. ఎలుక జ్వరమని కూడా అంటారు. ఎలుకలు, పశువులు, పందులు, కుక్కల మూత్రంలో దీని సూక్ష్మజీవులుంటాయి. నిలవ నీటిలో, తడి మట్టిలో వారాల తరబడి బతుకుతాయి. చర్మం మీది గాట్ల ద్వారా, నీళ్లలో నాని మెత్తబడిన చర్మం ద్వారా, కళ్లు, నోటి పొరల ద్వారా ఒంట్లో ప్రవేశిస్తాయి. సాధారణంగా అయిదు నుంచి పద్నాలుగు రోజుల్లో జ్వరం మొదలవుతుంది. ఉత్తర అండమాన్‌లోని దిగ్లిపూర్ ప్రాంతంలో 1980ల చివర నుంచి వానల తరువాత ఏటా ఒక జ్వరం కనబడేది. కొందరు రక్తం కక్కి చనిపోతూ ఉంటే, దాన్ని అండమాన్ రక్తస్రావ జ్వరమన్నారు. అది లెప్టోస్పైరోసిసేనని 1990లలో గుర్తించారు. నేను వెళ్లేనాటికి ఈ సంగతి వైద్య పత్రికల్లో అచ్చయి ఉంది. సముద్రం గురించి, జైలు గురించి చదివిన నేను దీన్ని చదవలేదు.

మీరు నాలా చేయకండి. దీవికి మకాం మార్చదలిస్తే, వీలుంటే వానాకాలంలో ఒకసారి వెళ్లి చూసి రండి. వీలుకాకపోతే, అక్కడ కనీసం ఒక ఏడాది గడిపిన ఇల్లాలిని ఎవరినైనా వెతికి పట్టుకుని ఈ నాలుగు సంగతులు అడగండి.

మొదటిది నీళ్లు. అంత వర్షం పడే ఊళ్లో నీటి కరువేమిటని అనుకుంటారు. పడిన వాన చాలావరకు కొండవాలున జారి సముద్రంలో కలుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కుళాయి నీళ్లు రోజు విడిచి రోజో, అంతకన్నా ఆలస్యంగానో వచ్చే రోజులుంటాయి. నీళ్లు పట్టి నిలవ చేయక తప్పదు. మూత లేని తొట్టిలో డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. మూతలున్న పాత్రలు కొనండి, వారానికొకసారి తోమి ఆరబెట్టండి. తాగే నీళ్లు కాచి చల్లార్చండి.

రెండోది పొద్దు. అక్కడా మన గడియారమే గాని సూర్యుడు మనకన్నా ముందు. జూన్‌లో తెల్లవారుజామున అయిదింటికే పొద్దు పొడుస్తుంది. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే కుంకుతుంది. డెంగ్యూ దోమ పగటిపూట, ముఖ్యంగా ఉదయం, పొద్దుగుంకే ముందు కుడుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చి ఆడుకునే వేళ అదే. నిండు చేతుల చొక్కాలు వేయండి. మలేరియా దోమ రాత్రి కుడుతుంది కనుక దోమతెర సామానులో మొదట కట్టవలసిన వస్తువు.

మూడోది కాళ్లు. వానల్లో రబ్బరు బూట్లు లేకుండా తోటలోకి, మురికినీటిలోకి దిగవద్దు. పుండు ఉంటే నీరు చొరని పట్టీ వేయండి. కడుగుకున్నాక వేళ్ల సందులు పొడిగా తుడుచుకోండి. కయ్యల్లో, ఉప్పుటేర్లలో స్నానానికి దిగవద్దు. అక్కడ మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు.

నాలుగోది ఆస్పత్రి దారి. శ్రీ విజయ పురంలో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది. కాని మీ బదిలీ ఏ దీవికో చూసుకోండి. దిగ్లిపూర్ నుంచి అక్కడికి రోడ్డున సుమారు 300 కిలోమీటర్లు. చిన్న దీవుల నుంచి పడవే దారి. సముద్రం పోటెత్తితే పడవలు ఆగిపోతాయి. నెలలు నిండుతున్న గర్భిణి, గుండెజబ్బు మనిషి, డయాలిసిస్ అవసరమైనవారు ఇంట్లో ఉంటే వైద్య సదుపాయం ఏమిటో తెలుసుకున్నాకనే ప్రయాణం పెట్టుకోండి. రోజూ వాడే మందులు రెండు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా వెంట ఉంచుకోండి.

ఇక జ్వరం వస్తే. పారాసెటమాల్ తప్ప మరే నొప్పి మాత్రా సొంతంగా వేసుకోకండి. డెంగ్యూ అయితే ఆస్పిరిన్ వంటివి రక్తస్రావం తెస్తాయి. రెండో రోజుకు తగ్గకపోయినా, కళ్లు ఎరుపెక్కినా, పిక్కలు నొప్పెట్టినా, మూత్రం తగ్గినా ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లండి. ఆయన అడిగినా, అడగకపోయినా "నేను ఫలానా రోజున నీళ్లలో నడిచాను" అని చెప్పండి. సెలవులకు మన ఊరు వచ్చాక జ్వరం తగిలితే ఈ మాట మరీ ముఖ్యం. మీరు ఎక్కడి నుంచి వచ్చారో ఇక్కడి వైద్యునికి తెలియదు గదా.

ఇదంతా చదివి భయపడి బదిలీ మాన్పించుకోమని కాదు. ఆ జ్వరం తరువాత మేము అక్కడ ఆరేళ్లున్నాం. మా రెండో పిల్ల అక్కడే పుట్టింది. ఊరు విడిచి వచ్చేటప్పుడు మా ఆవిడ ఏడ్చింది. గుమ్మం పక్కన పెట్టిన మూడు జతల రబ్బరు బూట్లు ఆ ముసలమ్మ మనవలకు ఇచ్చి వచ్చాం.