మూడు నిమిషాల పాట

పాట వినడానికి మూడు నిమిషాలు చాలును. ఆ మూడు నిమిషాల వెనుక ఎంత శ్రమ దాగి ఉంటుందో 1986 వేసవిలో, శ్రీకాళహస్తిలో, మాకు తెలియవచ్చింది. మేము నలుగురం సహాధ్యాయులం. ఇద్దరి ఇంట తెలుగు, ఇద్దరి ఇంట ఉర్దూ. మాలో ఒకని తండ్రిగారు కువైట్‌లో ఉండేవారు. ఉత్తరాలకు తోడు మాటలు నింపిన క్యాసెట్లు కూడా సముద్రం దాటుతున్న కాలమది. ఈసారి మాటలకు మారుగా పాట పంపాలని నిశ్చయించుకున్నాము.

సినీరంగంలో తరచుగా బాణీ ముందు పుడుతుందనీ, కవి దాని కొలతకు మాటలు కూర్చుతాడనీ వినివున్నాము. మేమూ ఆ మార్గమే పట్టాము. మిత్రుని తల్లిగారు, మా అందరికీ అమ్మీ, బియ్యం చెరుగుతూ తీసే కూనిరాగమే మాకు ఆధారం. కాని 'స్వర్ణముఖి' అన్న మాట ఆ బాణీలో ఇమడలేదు. బాణీ తేలికగా ఎత్తుకునే చోట మాట బరువుగా పడుతుంది. ఒక సాయంత్రమంతా వాదులాడుకొని, చివరకు 'మన ఏరు' అని సరిపెట్టుకున్నాము. మా ఊరివారికి ఏ ఏరో చెప్పాలా!

పల్లవి, మూడు చరణాలు తయారైనవి. మా తెలుగు ఉపన్యాసకులు చదివి మూడవ చరణం కొట్టివేశారు. 78 వేగంతో తిరిగే పది అంగుళాల గ్రామఫోను రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పలికేదనీ, మన లలితగీతం ఆ ఇరుకులోనే పొందిక నేర్చిందనీ సెలవిచ్చారు. మాకు కోపం వచ్చిన మాట నిజమే గాని, పాటకు మేలే జరిగింది.

ఇక రికార్డింగు. మన క్షేత్రకథతో వచ్చిన 'భక్త కన్నప్ప' (1976) శబ్దగ్రహణానికి జాతీయ పురస్కారం పొందింది. పెద్ద స్టూడియోలలో గళానికీ వాద్యాలకూ వేర్వేరు మైకులు ఉంటాయి. ఏది ఎంత వినబడాలో ఇంజనీరు నిర్ణయిస్తాడు. మాకున్నది ఒక టేపురికార్డరు, ఒకే మైకు. దూరమే మా మిక్సింగు! గాయకుడు మైకుకు జానెడు దూరాన, హార్మోనియం గోడ వారగా, ఢోలక్ గుమ్మం బయట. ప్రతిధ్వని రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ పాడాము. ఒకరు దగ్గితే మళ్ళీ మొదటినుంచి. కలంకారీలో బెల్లమూ ఇనుమూ ఊరబెట్టిన నల్లరంగుతో గీత గీసిన పిదప దిద్దలేనట్లే, ఆ టేపులో ఒక్క అక్షరాన్నీ విడిగా సవరించే వీలు లేదు.

పదకొండవ మారు అంతా చక్కగా సాగింది. ఆఖరి పాదంలో మిత్రుని గొంతు జీరపోయింది. హార్మోనియం వాయించేవాడు ఇంకొకసారి అన్నాడు. గుమ్మంలో నిలబడిన అమ్మీ, "వద్దు నాయనా, అట్లే ఉండనీ" అన్నది. కువైట్ వెళ్ళే ఒక బంధువు చేతికి క్యాసెట్ అందించాము.

రెండు నెలలకు బదులు క్యాసెట్ వచ్చింది. క్షేమసమాచారాలు కొద్దిగానే ఉన్నవి. ఆ పిమ్మట తండ్రిగారు అదే బాణీని, వాద్యమేదీ లేకుండా, మేమెన్నడూ వినని ఉర్దూ మాటలతో జోలగా పాడారు. ఆ రాగానికి మాటలున్నవని అమ్మీ మాకు చెప్పనే లేదు.